బాణం ఒకవైపు, గేదె ఒకవైపు

“వేల్‌జీ పోయాడు, సోఢా. రణ్ ఉప్పుటెడారిలో దాహంతో చచ్చిపోయాడు.”

భుజ్ ఆఫీసులో చీఫ్ ధోళకియా బల్ల మీద అగ్గిపెట్టె అంత జీపీఎస్ పెట్టాడు. బయల్దేరే చోట బటన్ నొక్కితే చాలు. ఎంత దూరం పోయినా తెర మీది బాణం మళ్లీ అక్కడికే దారి చూపిస్తుంది.

“ఇది చేతిలో ఉండీ దారి తప్పాడా?” ఏజెంట్ హమీర్ సోఢా గుద్దిన గుద్దుకు బల్ల మీది చాయ్ చీఫ్ ఒళ్లోకి దూకింది. వేల్‌జీ అతని ప్రాణస్నేహితుడు.

“కోపం తర్వాత! సరిహద్దు ముఠా బన్నీ గడ్డిమైదానాల్లో ఎక్కడో బాంబు పెట్టింది. ఆ చోటు కనుక్కో. ఝంఖనా నీతో వస్తుంది. వేల్‌జీతోనూ తనే వెళ్లింది.”

నల్లకళ్లద్దాల వెనక ఝంఖనా నవ్వింది. ఆ నవ్వుకు ఎడారిలో కూడా మబ్బు పడుతుంది.

సోఢా ఒంటెల బేరగాడి వేషంలో బన్నీ చేరి, గేదెలు కాసుకునే జుసబ్ కాకా ఇంటి ముందు బటన్ నొక్కాడు. వంకర కొమ్ము గేదె ఒకటి అతన్ని కుమ్మబోయింది.

“కాకా, మీ గేదెకు మర్యాద తెలీదా?”

“దానికి మనుషులు తెలుసు, బాపూ!”

“ఏదీ, బ్యాటరీ చూస్తాను,” అంటూ ఝంఖనా పరికరాన్ని కాసేపు చేతిలో తిప్పి ఇచ్చింది. తను ఇక్కడే వైర్‌లెస్ దగ్గర ఉంటానంది.

ఆ రాత్రి ముఠా డేరా పక్కన ఒంటెను కట్టి, దాని మెడగంటలో దాచిన మైకు ద్వారా సోఢా దూరం నుంచి వాళ్ల మాటలు విన్నాడు. “జుసబ్ ఇంటి పంపు. పొద్దున స్విచ్ వెయ్యగానే పేలుతుంది.”

నీళ్లకు ఊరు మొత్తం బిందెలతో చేరేది అక్కడే! వైర్‌లెస్‌లో ఎంత పిలిచినా ఝంఖనా పలకలేదు. డేరా వాళ్లు లేచి తిరుగుతున్నారు, ఒంటెను విప్పితే దొరికిపోతాడు. కాలినడకనే బయల్దేరాడు. తెల్లారింది కానీ పొగమంచులో చెయ్యి చాపితే వేళ్లు కనబడడం లేదు. బాణాన్ని నమ్మి పరుగెత్తాడు.

ఎదురుగా గంటల చప్పుడు. గేదెలు! బన్నీ గేదెలు రాత్రంతా కాపరి లేకుండా మేసి, పాలు పితికే వేళకు వాటంతటవే ఇల్లు చేరతాయి. మందలో ముందుంది వంకర కొమ్ముది.

గేదె ఇంటికి పోతోంది. మరి బాణం ఎక్కడికి పోతోంది?

సరిహద్దుకి.

ఝంఖనా వేల్‌జీని కూడా ఇలాగే చావుకు నడిపించింది! సోఢా పళ్లు పటపటా కొరికాడు. “మార్గదర్శి కాదే ఇది, స్వర్గదర్శి!” అని అరిచి, గేదె తోక పట్టుకుని దాన్ని అదిలించాడు.

పంపు దగ్గర బిందెలు బారులు తీరాయి. కాకా వేలు స్విచ్ మీద పడబోతోంది.

“కాకా! చెయ్యి తియ్!”

“ముందు నువ్వు నా గేదె తోక వదులు!”

సోఢా ఎగిరి కాకాను పక్కకు తోసి, మోటారు కింద చెయ్యి పెట్టి వైరు పీకేశాడు. అవతల ఝంఖనా పారిపోబోతూ స్టార్ట్ చేసిన జీపులోంచి తాళం లాక్కున్నాడు.

“నువ్వు... ఎలా వచ్చావ్?” ఝంఖనా ముఖం సున్నం కొట్టినట్టయింది.

“బాణాన్ని మార్చావు, గేదెను మార్చడం మర్చిపోయావు.” అతను బేడీలు బిగించాడు. “వేల్‌జీ నాలుక ఎలా ఎండిపోయిందో చూశావా, ఝంఖనా? జైల్లో రోజూ నీళ్లు తాగే ముందు గుర్తు తెచ్చుకో!”

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “ఇంతకీ జీపీఎస్ పనిచేసిందా?”

“భేషుగ్గా, సాహెబ్. కాకపోతే దానికి వెయ్యాల్సింది బ్యాటరీ కాదు, గడ్డి.”