గోడ లేవకముందు పట్టాల దగ్గర

ఆర్.కె. పురం అవతల రైలు పట్టాలు దాటే కాలిదారికి ఆ చలికాలం పేరు చెడింది. తల లేని తెల్లటి ఆకారం పట్టాల పక్కన నిలబడుతుందట... "వాపస్ జా..." అని, వెనక్కి పొమ్మని మూలుగుతుందట. ఢిల్లీ దెయ్యం కదా, హిందీయే మాట్లాడుతుంది! పాలవాడైతే సైకిలు అక్కడే పారేసి పరిగెత్తాడట.

రైల్వేవాళ్లకి కలిసొచ్చింది. పొగమంచులో రైలు కనబడదు, జనం పోతారు, దారి మూసేస్తామని ఎప్పట్నుంచో అంటున్నారు. గోడకి ఇటుకలు దొరికాయి గానీ నడిచే వంతెనకి దొరకలేదు మరి! రేపే పని మొదలు.

తాయారమ్మ గుండె జారిపోయింది. కొడుకు దగ్గర తనుండేది పట్టాలకి అటు. కూతురు లలితకుమారి, చంటి మనవరాలు ఇటు. గోడ లేస్తే రెండు బస్సులు మారాలి. ఆవిడకి హిందీ రాదు. ఆవిడ ఒళ్లో తప్ప ఆ పిల్లకి నిద్ర రాదు.

ఎంతమంది వద్దన్నా ఆ సాయంత్రం బయల్దేరింది — ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో రేకు పెట్టె.

కరెంటు పోయింది. మంచు... టార్చి వెలుతుర్ని మింగేస్తోంది. చెవి ఒగ్గి విన్నది. రైలు చప్పుడు లేదు. పట్టాల మీద కాలు పెట్టింది.

ఎదురుగా — తెల్లగా — లేచింది! మెడ పైన అంతా చీకటే.

"వా...పస్... జా..."

ఆకారం ఒక అడుగు ముందుకేసింది. ఇంకో అడుగు... ఆగింది. వణికింది.

"హా... హాచ్చి!"

"చిరంజీవ!" అనేసింది తాయారమ్మ. ఎవరు తుమ్మినా దీవించే నోరది, దెయ్యమని చూస్తుందా?

పెద్దలు దీవిస్తే వంగే నడుమూ అలాంటిదే. దెయ్యం చటుక్కున వంగి చేతులు జోడించింది. దుప్పటి జారింది. టార్చి వెలుగులో నల్ల మంకీ క్యాపు, అందులో అల్లుడు రామమోహనరావు!

"మీరా, బాబూ!"

"మీ క్షేమం కోసమే అత్తయ్యగారూ..." నసిగాడు. "పట్టాలు ప్రమాదం కదా..."

"క్షేమమా! పాప పడుకుందని క్రికెట్ మధ్యలో టీవీ కట్టేస్తున్నాననా?"

దెయ్యం కిందపడ్డ దుప్పటి మడతపెట్టసాగింది.

"పోనీలెండి, మీరన్నదీ నిజమే. ఈ మంచులో రోజూ దాటడం ప్రమాదమే." గబగబా పట్టాలు దాటి, పెట్టె అతని చేతిలో పెట్టింది. "అందుకే గోడ లేచేలోగా ఇటే ఉండిపోదామని బట్టలన్నీ సర్దుకొచ్చేశా. నడవండి, పాపకి నిద్రవేళయింది."

ఆ మాటతో ఆ సాయంత్రం పట్టాల దగ్గర లేచిన కేక మాత్రం అసలు సిసలు దెయ్యానిదేనని కాలనీవాళ్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.