దాలమ్మ భుజం

బుధవారం పొద్దున్న ఈశ్వర్ టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను తీసి తల్లి ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. అందులో ఒక ముసలామె బొమ్మ. రైక లేకుండా, పైట వంటికి చుట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది.

"ఇది నువ్వేనా?"

దాలమ్మ కళ్ళు చికిలించి చూసింది. "నానే. ముక్కు కాస్త లావు గీసేసినారు."

వంటగదిలో రాజకుమారి గరిటె ఆగిపోయింది. విజయనగరం కోట దగ్గర, మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మలు గీయడం నేర్పే చోటుకి అత్తగారు వారానికి రెండుసార్లు వెళ్తున్నట్టు ఆమెకు తెలుసు. భర్తకు చెప్పడానికే ధైర్యం చాలలేదు.

"ఎవరో నెట్లో పెట్టిన ఈ బొమ్మని ఆఫీసులో కొండబాబు అందరికీ సూపించి నవ్వేడు. నా పరువేటి కావాలి?"

"నానేటి దొంగతనం సేసినానా?"

"రైకైనా లేకుండా పదిమందిలో కూకుంటావా!"

దాలమ్మ గొంతు గట్టిపడింది. "కళింగపట్నంలో ఎండుసేపలు అమ్మినన్నాళ్ళూ నాకు రైకుందేట్రా? నిన్ను సంకనేసుకుని అలాగే తిరిగినాను. ఈ ఊరొచ్చినాక నువ్వు తొడుక్కోమన్నావని తొడుక్కున్నాను."

"ఇయాల్టితో అది మానెయ్. లేదంటే మళ్ళీ కళింగపట్నమే పో!"

"అయ్యో, అదేం మాటండీ!" అంటూ రాజకుమారి బయటికి వచ్చింది.

దాలమ్మ కర్ర ఊతగా లేచింది. "ఆ పిల్లల బొమ్మలు సగంలో ఉన్నాయి. ఇయాల కూకుని వస్తాను. రేపు బస్సెక్కించు" అని, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కేసింది.

ఈశ్వర్ కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. తల్లిని అందరి ముందూ లేపి తీసుకొచ్చేయాలని స్కూటర్ తీశాడు. రాజకుమారి చెప్పిన చోటికి వెళ్ళి, విసురుగా మెట్లెక్కి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

లోపల ఎవరూ నవ్వడం లేదు. పదిమంది పిల్లలు గుడిలో ఉన్నంత నిశ్శబ్దంగా గీసుకుంటున్నారు. రేఖ అనే అమ్మాయి గీసింది మళ్ళీ మళ్ళీ చెరిపేస్తోంది. టీచర్ అనూరాధ ఆమె పక్కన నిలబడింది.

"భుజం ఎలా ఉండాలో నీకు తెలిసినట్టు గీసేస్తున్నావమ్మా. ఆవిడ భుజం ఎలా ఉందో చూసి గియ్యి."

రేఖ తల పక్కకి వంచి చూసింది. "మామ్మా, కుడి భుజం మీద ఈ గుంటేటి?"

"కావిడి బద్ద ఒరుసుకుపోయింది తల్లీ. మా ఆయన సంద్రం మీద ఏటకెల్లి మరి రానేదు. ఆ కావిడి నానే ఎత్తుకున్నాను. మా వోడి సదువు అయ్యేదాకా దించనేదు."

ఈశ్వర్ గుమ్మం పట్టుకున్నాడు. అమ్మ కావిడి మోయడం అతనికి గుర్తుంది. భుజం మీద ఆ గుంట ఎప్పుడు పడిందో మాత్రం తెలియదు.

అనూరాధ కాసేపు విరామం ఇచ్చింది. అప్పుడు చూసింది దాలమ్మ కొడుకుని.

"తీసుకుపోడానికొచ్చినావా?"

అతను వచ్చి ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. కళ్ళు తడిసిపోయాయి.

"అమ్మా... పొద్దున్న పొమ్మన్నాను. నువ్వెక్కడికీ ఎల్లకు."

దాలమ్మ అతని తల నిమిరింది. "ఏడవకురా. పిల్లలు సూస్తన్నారు."

"సూడనీ."

విరామం అయిపోయింది. పిల్లలు మళ్ళీ బొగ్గు కణికలు అందుకున్నారు.

"బొమ్మకి ఇంకా సేపు పడతాది, ఎల్లు. ఆఫీసుకి ఆలీసమైపోద్ది."

"అవనీ" అన్నాడు ఈశ్వర్. గోడవారగా కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, తల్లిని చూడసాగాడు.