అమావాస్య నాటి మగ్గం

కాచిగూడ ప్యాసింజర్ గద్వాల స్టేషన్లో ఆగింది. అందరూ దిగారు, కిటికీ పక్కన కూర్చున్న సాయినాథ్ తప్ప. టీ అమ్మేవాడు భుజం తట్టి లేపబోతే పక్కకు ఒరిగిపోయాడు. చేతిలోని టీ కప్పు ఇంకా వెచ్చగానే ఉంది. అందులో చక్కెరతో పాటు ఇంకేదో కలిసింది.

చనిపోయే ముందు అతని సెల్‌ఫోన్ నుంచి వెళ్ళిన మెసేజ్‌లో మూడే మాటలు. గద్వాల. సాలెవాడ. గొడుగు.

మర్నాడు పొద్దున్నే వనపర్తి దాటిన జీపులో ఏజెంట్ అరవింద్‌కి బ్రీఫింగ్ మొదలైంది. చీఫ్ దానియేలు వేయించిన పల్లీలు వొలుస్తూ మాట్లాడతాడు. విషయం ఎంత ముదిరితే అంత వేగంగా వొలుస్తాడు. ఆ రోజు ఆయన కాళ్ళ దగ్గర పొట్టు కుప్పగా పడింది.

"సాయినాథ్ వాతావరణ శాస్త్రవేత్త. మన మనిషి. కోపెన్‌హాగెన్‌లో ఏం జరుగుతోందో తెలుసా?"

"భూమి వేడెక్కుతోందని దేశాలన్నీ మాట్లాడుకుంటున్నాయి."

"మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ఉమ్మడి బావిలో పూడిక తీసినట్టుంది వ్యవహారం. నీళ్ళు అందరికీ కావాలి, తట్ట ఎవరూ పట్టరు. ఆ చర్చలు చెడతాయని కాచుకుని కూర్చున్న ముఠా ఒకటుంది. పేరు అంబ్రెల్లా. లీడర్ డాక్టర్ క్రేన్. చర్చలు చెడ్డాయని కబురందగానే హైడ్రోజన్ బెలూన్ లేపి, ఆకాశంలో గంధకం పొగ వదులుతాడు. ఎండ తగ్గుతుంది."

"మంచిదే కదా సర్. మే నెలలో గద్వాలలో ఉండి చూడండి."

"ఎండతో పాటు వానా తగ్గుతుంది. నేల కాగకపోతే సముద్రం మీది మబ్బుని ఇటు లాగేదేముంది? ఈ ఒక్క బెలూన్‌తో ఏమీ కాదు. కానీ ఇది లేచిందని తెలియగానే ఆరు దేశాల్లో వందల బెలూన్లు లేస్తాయి. ఆ తర్వాత గొడుగు పిడి క్రేన్ చేతిలో ఉంటుంది. ఎవరి మీద పట్టాలో వాడే చెబుతాడు."

అరవింద్ నవ్వు ఆగిపోయింది. మేనత్త అలివేలమ్మ కొడుకు నర్సింహులు గుర్తొచ్చాడు. మగ్గం వదిలి ధరూర్ దగ్గర పొలం కౌలుకు తీసుకున్నాడు. అక్టోబర్‌లో కృష్ణ వరద వరిని ఊడ్చుకుపోయింది. వచ్చే వానకాలం తప్పితే బావ మూటాముల్లె సర్దుకుని ముంబైకి కూలికి పోవడమే.

దానియేలు ఒక అగ్గిపెట్టె అందించాడు. "ట్రాన్స్‌మీటర్. నొక్కితే బలగంతో వచ్చేస్తాను. ఇంకో సంగతి. లోపల వర్ష ఉంది."

"మన వర్షేనా?"

"మన ఏజెంటే. వాళ్ళ ఏజెంటు కూడా. నెల రోజులుగా రిపోర్టులు లేవు. కోడ్ వర్డ్ అడుగు. 'ఈసారి వానలెట్లున్నయి' అంటే, మన వైపే ఉంటే 'ఆకాశాన్నే అడగాలె' అంటుంది."

"లేకపోతే?"

దానియేలు ఇంకో పల్లీ వొలిచాడు.

మధ్యాహ్నానికి సఫారీ సూటు, గుబురు మీసం, నోట్లో కిళ్ళీతో జరీ వ్యాపారి ఒకడు గద్వాల సాలెవాడలో దిగాడు. అలివేలమ్మ గుమ్మంలోంచి ఒక్కచూపు చూసింది.

"గా మీసం ఏంది రా అరవిందూ? నాటకం ఏస్తున్నవా?"

"జర మెల్లగ అత్తా. నేను సూరత్ సేటును."

"సూరత్ సేటు నడుసుడు గిట్ల ఉంటదా? గది మీ నాయిన నడక. కాళ్ళు కడుక్కొని రా, బువ్వ తిందువు."

సాయంత్రం దాకా వీధి వీధీ తిరిగాడు. ప్రతి ఇంట్లో మగ్గం చప్పుడే. టక్ టక్, టక్ టక్. బెలూన్ నింపే యంత్రం ఏ గోడ వెనక ఉన్నా ఈ మోతలో పట్టుకునేదెట్లా? చోటు మంచి తెలివితోనే ఎంచుకున్నారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. అగ్గిపెట్టెని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు.

"నీ వేళ్ళల్ల దయ్యం గిట్ల దూరిందా? నాకే పరేషాన్ అయితుంది," అంది అత్త.

తెల్లారి లేచేసరికి ఏదో తేడాగా ఉంది. వీధి మూగపోయింది. చీపురు చప్పుడు, కాకి అరుపు, అంతే. అప్పుడు గుర్తొచ్చింది. అమావాస్య. నేతగాళ్ళు మగ్గం ముట్టని రోజు. చిన్నప్పుడు ఆ రోజు కోసమే ఎదురుచూసేవాడు, నాయిన ఖాళీగా దొరుకుతాడని.

ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో వీధి చివర, ఒక్క మగ్గం మోగుతోంది.

"ఎవలిల్లు అత్తా అది?"

అలివేలమ్మ మూతి తిప్పింది. "కొత్తగ కిరాయికి దిగిన్రు. హైదరాబాద్ పిల్ల, ఎవడో తెల్లోడు. చీరెలు ఫారిన్‌కు పంపుతరంట. అమాస లేదు, ఏం లేదు. గసుంటోళ్ళ చీరె ఎవలు కడ్తరు?"

అరవింద్ అప్పటికే గుమ్మం దాటాడు. అగ్గిపెట్టె నొక్కాడు. వెంటనే ఫోన్ మోగింది.

"బీచుపల్లి వంతెన మీద ఇరుక్కున్నాం. రాస్తారోకో," దానియేలు గొంతు. "నువ్వు ఒక్కడివే."

ఆ ఇంటి గోడకు చెవి ఆనించాడు. టక్ టక్, టక్ టక్. ఒక్కసారీ ఆగదు. ఏ మగ్గమైనా పోగు తెగితే ఆగాలి. ఇది మగ్గం కాదు, టేపు.

వెనక గోడ దూకాడు. పైకప్పు రేకులు తీసేసి ఉన్నాయి. ఇంటి మధ్యలో తెల్లటి బెలూన్ ఊగుతోంది. దాని కింద గంధకం ట్యాంకు, చుట్టూ హైడ్రోజన్ సిలిండర్లు. శాటిలైట్ ఫోన్ పట్టుకుని డాక్టర్ క్రేన్. తాడు వదిలే లీవర్ మీద చెయ్యేసి, ఆవపువ్వు రంగు గద్వాల చీరలో వర్ష. ఆ చీరలో ఎవరైనా ఆగి రెండోసారి చూస్తారు. అరవింద్‌కి ఆ తీరిక లేదు.

"కదలకు." క్రేన్ పిస్తోలు ఎత్తాడు.

అరవింద్ జేబులోంచి అగ్గిపెట్టె తీసి ముందుకు చాపాడు.

"కాల్చు డాక్టర్. పైపు జాయింటు దగ్గర గ్యాస్ బుసకొడుతోంది. నువ్వు పేల్చినా ఒకటే, నేను గీసినా ఒకటే. ముగ్గురం బెలూన్ కంటే ముందే పైకి పోతాం."

క్రేన్ వేలు ట్రిగ్గర్ మీంచి జారింది.

"వర్షా, ఈసారి వానలెట్లున్నయి?"

ఆమె లీవర్ మీది చెయ్యి తియ్యకుండానే అతని వైపు చూసింది. కళ్ళ కింద నల్లటి చారలు, నిద్రపోయి చాలా రోజులైనట్టు.

"అక్టోబర్‌లో వరద మా అమ్మమ్మ మగ్గాన్ని ముంచింది," అంది చివరికి. "కోపెన్‌హాగెన్‌లో వాళ్ళు కాగితం మీది కామాల కోసం కొట్లాడుతున్నారు. ఇంకో ఇరవై ఏళ్ళు కొట్లాడతారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా?"

అందులో అబద్ధం లేదు. అదే అరవింద్‌ని ఇబ్బంది పెట్టింది.

"చెయ్యాలె. కానీ మా బావ వచ్చే వాననే నమ్ముకొని దున్నుతుండు. ఆయనను ఎవరన్న అడిగిన్రా?"

క్రేన్ నవ్వుతూ ఇంగ్లీషులో అన్నాడు. "అందుకే ఈ జిల్లాని ఎంచుకున్నాను. ఇక్కడ వాన పడకపోతే ఎవరూ కారణం వెతకరు. కరువు జిల్లాలో కరువొచ్చిందనుకుంటారు."

వర్ష తల తిప్పింది. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

శాటిలైట్ ఫోన్ మోగింది. క్రేన్ విన్నాడు. ముఖం వెలిగింది. "ఒప్పందం లేదట. గొడుగు విప్పు, వర్షా."

ఆమె లీవర్ మీంచి చెయ్యి తీసేసింది.

క్రేన్ ఆమెని తోసి తానే లాగాడు. బెలూన్ ఒక్క ఊపున లేచింది. అరవింద్ ఎగిరి ట్యాంకుకు వేలాడాడు. కాళ్ళు నేల వదిలాయి. అతని బరువుకి బెలూన్ ఒక పక్కకి ఒరిగి సిలిండర్ల మీదికి వంగింది. కింద వర్ష సిలిండర్ల మీదికెక్కింది, కొంగు ముడిలోంచి పోగులు కత్తిరించే కత్తెర తీసింది, బెలూన్ అడుగున గుడ్డని ఈ చివర నుంచి ఆ చివర దాకా చీరేసింది.

గ్యాస్ హోరున ఆకాశంలోకి పోయింది. బెలూన్ తడిబట్టలా ముడుచుకుంది. ట్యాంకూ అరవిందూ కలిసి ధబ్బున నేలకు దిగారు. గుమ్మం వైపు పరుగెత్తిన క్రేన్‌కి ఒక సంగతి తెలియదు. సాలెవాళ్ళ ఇంట్లో మగ్గం తీసేసినా, కాళ్ళు పెట్టుకునే గుంట ఉంటుంది. బెలూన్ గుడ్డ కప్పేసిన ఆ గుంటలో నడుము లోతున కూలబడి, విరిగిన కాలు పట్టుకుని మూలుగుతున్నాడు.

టేపు ఇంకా మోగుతోంది. వర్ష వెళ్ళి ఆపింది.

"ఆకాశాన్నే అడగాలె," అంది మెల్లగా.

"ఆలస్యంగ చెప్పినవు. టేపు పెట్టి మాత్రం పెద్ద తప్పు చేసిండు మీ డాక్టర్."

"పెట్టింది నేను. అమాస సంగతి నాకు తెల్వదనుకున్నవా? మాది రాజోలి, నేతగాళ్ళ ఊరే. డాక్టర్‌ను ఆపే ధైర్యం నాకు లేకుండె. ఎవరన్న వింటరేమో అనుకున్న."

కోపెన్‌హాగెన్ సభ ముగిసిందని టీవీలో చెప్పేసరికి అరవింద్ అత్త ఇంట్లో, కట్టు కట్టిన మోచేత్తో, ఒక్కచోట కుదురుగా కూర్చోలేక కూర్చున్నాడు.

"ఏం తేలింది రా అక్కడ?" అడిగింది అలివేలమ్మ.

"వచ్చే ఏడు మళ్ళ కూసుందామని తేలింది అత్తా."

"గంతేనా? గా అగ్గిపెట్ట ఇటియ్యి, పొయ్యి ముట్టిస్త."

ఇచ్చాడు. ఆమె తెరిచి చూసి, తిరగేసి దులిపింది.

"ఒక్క పుల్ల గూడ లేదేంది రా?"

"ఉంటే గీసేటోణ్ణి అత్తా, ఇప్పుడు నేనుండకపోదును."