‘లేదు’ అని రాసిన గడి

కొండల్‌కు కోపం రావడం అరుదు. వస్తే మాత్రం సగం మాటలు మింగేసి, మిగతా సగం తడబడతాడు. ఆ రోజు కరీంనగర్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సరోజన ముందు అదే జరిగింది.

సుల్తానాబాద్‌లో పొద్దునా సాయంత్రం బియ్యం మిల్లు ఇంజను నడుపుతూ, మధ్యలో బస్సెక్కి వచ్చి కాలేజీలో చదువుతున్నాడతను. బొగ్గుగనిలో మెకానిక్ అప్రెంటిస్ పోస్టు వస్తే బతుకు దారిన పడుతుందని ఆశ. టైపు చేయించడానికి తెచ్చిన దరఖాస్తులో అనుభవం గడి దగ్గర ‘లేదు’ అని రాసుకొచ్చాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, అలాగే తన పని తన కంటికే ఆనలేదు.

సరోజన టీచర్ ట్రైనింగ్ చదువుతూ, రోజూ ఒక పూట ఇక్కడ డబ్బులకు టైపు కొడుతుంది. అతని గోళ్లలో నలుపు చూసి ఏం పని చేస్తారని అడిగింది. గొణుగుతూ చెప్పాడు. ఆమె టకటకా కొట్టి కాగితం అందించింది. ‘లేదు’ ఉండాల్సిన చోట నాలుగేళ్లుగా ఇంజను నడపడం, మరమ్మతు అని ఇంగ్లీషులో ఉంది.

"గిదేంది? మిల్లు పని సుత ఒక పనేనా? నవ్వుతరు."

"ఇంజను ఆగితే ఎవలు బాగుచేస్తరు?"

"నేనే."

"మరి అబద్ధం నేను రాసిన్నా, మీరు రాసిండ్రా?"

కొండల్ ముఖం మాడ్చుకునే కాగితం పోస్టు చేశాడు. చిత్రంగా, ఆ నెలంతా అతనికి టైపు చేయించాల్సిన కాగితాలు పుట్టుకొస్తూనే ఉన్నాయి. కాలేజీకి రాసిన మూడో సెలవు చీటీకి సరోజన నవ్వు దాచుకోలేదు. ఆ నవ్వు కోసమే నాలుగోది రాశాడు.

ఇంటర్వ్యూలో ఇంజను నల్లపొగ కక్కితే ముందు ఏం చూస్తావని అడిగారు. ఇంగ్లీషు మరిచిపోయి, చేతులు తిప్పుతూ తెలుగులోనే అంతా చెప్పేశాడు. బయటికొచ్చాక తనకు ఇంత తెలుసా అని తనకే ఆశ్చర్యమేసింది. తిరిగొస్తూ సుల్తానాబాద్‌లో దిగలేదు, నేరుగా కరీంనగర్ వచ్చాడు.

నౌకరి వచ్చిందా అని అడిగింది సరోజన. ఇంకో నెల పడుతుందన్నాడు. మరి ముఖం వెలుగుతోందేమని ఆమె ఆరా తీసింది.

"మీకిష్టమైతే మా బాపును మీ ఇంటికి పంపుత."

టైపు మిషను ఆగింది. సరోజన చెవులు ఎర్రబడ్డాయి.

"జవాబు రానియ్యుండ్రి. గంత తొందరేంది?"

"వచ్చినంక అడిగితే నౌకరే అడిగినట్టయితది. నేను అడగాలె."

ఆమె మిషనులో కాగితం సర్దింది.

"ఐతారం మా బాపు ఇంటికాడనే ఉంటడు," అంది.