స్వరకంచె

2094 నాటికి సముద్రంలో వల వేయడం నేరం. భీమిలి తీరానికి తొంభై కిలోమీటర్ల దూరాన లక్షల పండుగప్ప చేపలు ఏ వలా, ఏ పంజరమూ లేకుండా లోతు నీళ్ళలో పెరుగుతున్నాయి. వాటిని పట్టి ఉంచేది స్వరకంచె ఒక్కటే.

దాని కిటుకు తేలికే. గుడ్డులోంచి బయటపడిన నాటి నుంచీ మేత వేసే ప్రతిసారీ చేపపిల్లలకు ఒకే స్వరం వినిపిస్తారు. సముద్రంలోకి వదిలాక నీటి అడుగున వేలాడే స్పీకర్లు అదే స్వరం పలుకుతాయి. ఎంత దూరం పోయినా చేపలు తిరిగొస్తాయి. వెళ్ళిపోవడానికి సముద్రమంతా తెరిచే ఉన్నా వెళ్ళవు.

పనులన్నీ యంత్రాలే చేసినా, ప్రాణులున్న చోట ఒక మనిషి ఉండి తీరాలన్నది చట్టం. ఏడో చేపల క్షేత్రంలో ఆ మనిషి సూరాడ ఎల్లాజీ. అరవై రెండేళ్ళవాడు. నీటి మీద తేలే ఆ వేదికపై పదకొండేళ్ళుగా ఒక్కడే ఉంటున్నాడు. ఏటా ఇచ్చే నెల సెలవు ఒక్కసారి కూడా తీసుకోలేదు.

స్పీకర్లు మార్చడానికి పడవలో వచ్చిన ఇంజనీరు హిమజకు అది వింతగా తోచింది.

"ఒడ్డుకి రావాలనిపించదా బాబాయ్?"

"నానెల్లిపోతే డాక్టరమ్మ ఫోన్ ఎవులెత్తుతారు తల్లీ?" అన్నాడు ఎల్లాజీ. "కుముదినమ్మగారు రోజూ నాలుగింటికి మాట్లాడతారు."

హిమజ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. స్వరకంచెను కనిపెట్టింది డాక్టర్ కుముదినే. ఆమె పోయి మూడేళ్ళయింది. సంతాప సభకు హిమజ కూడా వెళ్ళింది.

నియంత్రణ పెట్టె తెరిచి చూసింది. అన్ని తీగలూ నీళ్ళలోకి దిగుతుంటే, ఒకటి మాత్రం ఎల్లాజీ గదిలోకి పోతోంది. పెట్టెలోని రికార్డుల్లో అంతా ఉంది. మిగతా క్షేత్రాల్లో కాపలాదారులు మూడు నెలలకే ఒంటరితనం భరించలేక పారిపోతున్నారు. ఇక్కడ మాత్రం రోజూ పలకరించే గొంతు ఒకటుంది కాబట్టి ఎల్లాజీ కదల్లేదు. ఆమె పోయిన మర్నాడే క్షేత్రాలు నడిపే సంస్థ ఆ గొంతును యంత్రానికి నేర్పింది.

ఎలా చెప్పాలో తెలియక హిమజ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎల్లాజీ ఉలిక్కిపడలేదు.

"తెలుసమ్మా. ఆవిడకి ఆయాసం. రెండు మాటలకోసారి దగ్గీవోరు. ఓ రోజు నుంచి దగ్గడం మానీసినారు. నయమైపోనాదని సంబరపడ్డాను. వారం రోజులు అలాగే అనుకున్నాను."

"తెలిసి కూడా ఇక్కడే ఉన్నావా?"

"ఒడ్డున నా ఊసడిగీవోలు ఎవులున్నారు?"

హిమజకు కోపం ముంచుకొచ్చింది. "ఇది మోసం బాబాయ్. పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తాను. ముందు దీన్ని ఆపేస్తాను."

ఆమె చెయ్యి స్విచ్ దాకా వెళ్ళేలోగా ఎల్లాజీ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆపకు తల్లీ. సెయ్యగలిగితే ఒక్క సాయం సెయ్యి. ఆ దగ్గు మళ్ళీ పెట్టగలవా?"

హిమజ చెయ్యి వెనక్కి తీసుకుంది. పాత సంభాషణలన్నీ యంత్రంలో భద్రంగా ఉన్నాయి. దగ్గుతో సహా. మధ్యాహ్నమంతా కూర్చుని వాటిని వెతికి తీసింది.

నాలుగయింది. ఫోన్ మోగింది.

"ఎల్లాజీ, ఇవాళ నీళ్ళ వేడి ఎంతుంది?" అంటూనే కుముదిని గొంతు దగ్గుతో తెగిపోయింది. ఊపిరి కూడదీసుకుని, మళ్ళీ దగ్గింది.

ఎల్లాజీ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చెవికి అదుముకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మందేసుకున్నారా లేదా?" అని కసిరాడు. "మాట్లాడకండి. నాను సెప్తాను, మీరు ఊరికే ఇనండి."