నాలుగో దెబ్బ

మహర్నవమి నాడు ఆదోని ఊరు ఊరులా ఉండదు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులన్నీ మూతపడతాయి. సీజను పొడుగునా చెవుల్లో రొద పెట్టే యంత్రాలు ఒక్కసారిగా నోరు మూసుకునేసరికి, మిల్లు పక్కన బతికేవాళ్ళకు చెవులే పోయినట్టుంటుంది. గాల్లో పత్తిగింజల వాసన మాత్రం మిగులుతుంది.

దేవేంద్ర అద్దెకుండే గది మిల్లు వెనక సందులో. పెళ్ళిళ్ళకూ జాతర్లకూ పాడే ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. భార్య హేమలత బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. పిల్లలిద్దరూ ఆమె దగ్గరే. రోజూ దీపాలు పెట్టే వేళకు ఫోన్ చేసి, అన్నం తిన్నారా, గ్యాసు కట్టేసినారా, తలుపు గడియ పెట్టినారా అని ఒక్కటీ వదలకుండా అడుగుతాడు. "నాన్న హాజరు పిలుస్తాండాడు, రాండి" అని పెద్దోడు చరణ్ ఎగతాళి చేస్తాడు. ఎగతాళి చేసినా సరే. అంత దూరంలో ఉన్న తండ్రికి అడగడం తప్ప ఇంకేం చేతనవుతుంది?

ఇంకొకటి చేతనవుతుంది. ఆరేళ్ళ మోక్షితకు జోల వాయించడం. బెంగుళూరు పోయినప్పట్నుంచి ఆ పిల్ల నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఫోన్లో నాన్న గిటారు విన్న రోజు మాత్రం ఏడవదు. అదీ ఏ గిటారు శబ్దమైనా కాదు, ఆ ఒక్క శబ్దమే. చెరువు అవతలి గట్టు నుంచి ఎవరో బదులు పలికినట్టుండే శబ్దం.

ఆ శబ్దం చేసి పెట్టింది శేఖర్. దేవేంద్ర స్నేహితుడు, ఆర్కెస్ట్రాలో సౌండు మనిషి. గిటారు తగిలించే యాంప్, అంటే ఈ స్పీకరు పెట్టెలో, ఫోన్లోని యాప్ పెట్టుకుని ఎన్ని రకాల శబ్దాలైనా తయారుచేసి దాచుకోవచ్చు. శేఖర్ ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టేవాడు. కైరుప్పల అని ఒకటి, ఆ ఊరి పిడకల సమరంలో జనం అరుపులా ఉంటుంది. జోల శబ్దానికి మోక్షి అని పెట్టాడు. అప్పటికి ఆ పిల్ల ఇంకా పాకుతోంది. శేఖర్‌కు పిల్లల్లేరు. వాళ్ళమ్మది కర్ణాటకలో సిరుగుప్ప వైపు, అందుకని పాట మొదలుపెట్టే ముందు లెక్క కన్నడంలోనే పెట్టేవాడు. ఒందు, ఎరడు, మూరు. నాలుగు మాత్రం నోటితో అనేవాడు కాదు. వేలికున్న రాగి ఉంగరంతో యాంప్ చెక్క మీద కొట్టేవాడు. టక్. అక్కడ పాట లేచేది.

మూడేళ్ళ కిందట ఒక జాతరలో, వాన తుంపర్లలో వైరు సరిచేస్తూ కరెంటు కొట్టి పోయాడు.

ఈ వేసవిలో యాంప్ కంపెనీ కూడా చేతులు దులుపుకుంది. ఈ మోడల్‌కు ఇక సపోర్టు లేదని ఒక్క ముక్క పంపింది. యాప్ తెరిస్తే కొన్నాళ్ళు చక్రం తిరిగింది. ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఆ చక్రం కూడా లేదు. పెట్టెకు ఏ రోగమూ లేదు. బతికున్న మనిషి పేరు రేషన్ కార్డులోంచి కొట్టేసినట్టు కొట్టేశారు. ఇప్పుడు పెట్టెలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కొత్తది లోపలికి పోదు, పోయింది తిరిగి రాదు. రెండు బటన్లు పట్టుకుని స్విచ్ వేస్తే అంతా చెరిగిపోతుందని తెలిసినప్పట్నుంచి దేవేంద్ర ఆ పెట్టెను ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆ పొద్దున పెట్టెను తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టాడు. ప్లగ్గు పీకి వైరు చుట్టాడు. పైన నిమ్మకాయ పెట్టి దానికీ ఒక బొట్టు పెట్టాడు.

వాళ్ళది ఎమ్మిగనూరులో నేతపని ఇల్లు. మహర్నవమి నాడు వాళ్ళ నాయన వీరభద్రప్ప మగ్గానికి పూజ చేసి, తనకు ముందు ఆ మగ్గంలో కూర్చుని నేసి పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచేవాడు. "ఈ పొద్దు మగ్గం నీది" అనేవాడు. ఆ రోజు ఇంకెవరూ దాన్ని ముట్టరాదు. మర్నాడు దసరా పొద్దున, పైన పెట్టిన నిమ్మకాయను ఆ మగ్గం మీదే కోసి, "నా పని నాకియ్యి" అని అడిగి తీసుకోవాలి. చిన్నప్పుడు ఒకసారి దేవేంద్ర, "అడక్కపోతే ఏమైతాది నాయనా?" అన్నాడు. నాయన నవ్వలేదు. "అడగాల" అన్నాడు, అంతే.

మగ్గాలు అమ్ముడుపోయాయి. నాయన పోయాడు. దేవేంద్రకు మిగిలిన పనిముట్టు ఈ పెట్టె ఒక్కటే. అందుకే చేతులు జోడించి, "ఈ పొద్దు ఇది నీది శేఖరా" అన్నాడు.

ప్యాడ్లు వాయించే అయ్యన్న బొరుగులు తింటూ చూస్తున్నాడు.

"అన్నా, పూజ పెట్టెకు కాదు, కంపెనీవోనికి చేయాల. సచ్చింది వాడు గదా."

"నోరు మూసుకోని తిను."

"శేఖరన్నను పిలిస్తే పిలిస్తివి, కూలి అడుగుతాడు సూడు" అని నవ్వుకుంటూ పోయాడు అయ్యన్న.

దీపాలు పెట్టే వేళయింది. దేవేంద్ర బెంగుళూరుకు ఫోన్ చేశాడు. మోక్షిత ఎత్తింది. గొంతు నిద్రలో ఉంది.

"మళ్ళీ ఏంటికి చేసినావు నాన్నా?"

"మళ్ళీ ఏంది తల్లీ, ఇప్పుడే గదా చేస్తాండేది. ఈ పొద్దు జోల లేదు. పెట్టెకు పూజ చేసినా, ముట్టగూడదు."

"వాయించినావు గదా."

దేవేంద్ర పెట్టె వైపు చూశాడు. చుట్టిన వైరు చుట్టినట్టే ఉంది. నిమ్మకాయ కదల్లేదు.

"నిన్నటి సంగతా?"

"కాదు, ఇప్పుడే. నాన్నా… ఆ మామ ఎవురు?"

"ఏ మామ?"

"లెక్క పెట్టే మామ. ఒందు… ఎరడు… మూరు…" పిల్ల ఆగింది. తర్వాత ఫోన్ మీద దేనితోనో కొట్టింది.

టక్.

శేఖర్ పోయేనాటికి ఆ పిల్లకు మూడేళ్ళు. ఆ లెక్క సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"ఏమన్నాడు తల్లీ… ఆ మామ?"

"మంచోడు. కంపెనీ పోయినా నేనుండాను అన్నాడు. రేపట్నుంచి నువ్వు వాయించే పని లేదంట. తనే వస్తాడంట."

"యాడికి?"

"ఈడికే. గడియ తీసిపెట్టమన్నాడు."

"తీసినావా?"

అంతలో ఫోన్ హేమలత చేతికి మారింది.

"ఏమయ్యా, పిల్లను ఏంటికి బెదిరిస్తావు? జోల నేనూ విన్నా, వంట చేసుకుంటా. పూజ నాడు ముట్టినావే అనుకున్నా. మీ నాయన ఉంటే తిట్టేటోడు."

"హేమా, నేను వాయించలేదు. ముందు పోయి గడియ పెట్టు."

"నీ నంబరు నుంచే గదా వచ్చింది?"

"గడియ పెట్టు, నీకు దండం పెడతా!"

ఆమె నడిచిన చప్పుడు. ఇనుప గడియ పడిన చప్పుడు. "తీసే ఉండాది" అంది మెల్లగా. "ఎవురు తీసినారో…"

ఫోన్ పెట్టేసి దేవేంద్ర తన కాల్స్ చూసుకున్నాడు. ఆ సాయంత్రం బెంగుళూరుకు చేసింది ఒక్కటే. ఇప్పుడు మాట్లాడింది.

బయట పొద్దు కుంకింది. మిల్లులు మాట్లాడటం లేదు. గదిలో ఎక్కడినుంచో సన్నగా ఒక గుంయిమనే శబ్దం… స్విచ్ వేసి ఉంచిన స్పీకరు చేసే శబ్దం. దేవేంద్ర ప్లగ్గు వైపు చూశాడు. అది నేల మీద ఉంది. పత్తిగింజల వాసన పోయి ఇంకో వాసన వచ్చింది. తడిసిన గోనెపట్టా వాసన. కాలిన వైరు వాసన. ఆ రెండూ కలిసి అతని ముక్కుకు తగిలింది జన్మలో ఒక్కసారే, ఆ జాతర స్టేజీ మీద.

పెట్టె చిన్న తెర మీద అక్షరాలు వెలిగాయి.

మోక్షి.

"శేఖరా…" అన్నాడు దేవేంద్ర. "పిల్లరా అది. వద్దురా."

తెర వెలుగుతూనే ఉంది.

బెంగుళూరు చేరాలంటే రాత్రంతా ప్రయాణం. ఈ గదిలోంచి ఇప్పుడే చేయగలిగింది ఒక్కటే ఉంది. పెట్టెలో ఉన్నదంతా చెరిపేయడం. ఆ శబ్దం పోతే మళ్ళీ చేసేవాడు లేడు, చేసే యాప్ లేదు. రేపట్నుంచి పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఫోన్లో ఏ దిక్కూ లేని తండ్రి 'ఏడవొద్దు తల్లీ' అనాలి. అంతే. ఇన్నాళ్ళూ తను పిల్లను సాకుతున్నాననుకున్నాడు. సాకింది ఈ పెట్టె. ఈ పెట్టెలో ఉన్నవాడు.

ప్లగ్గు పెట్టాడు. రెండు బటన్లూ పట్టుకున్నాడు. అదిమేసరికి పెట్టె కదిలింది. నిమ్మకాయ దొర్లి మంచం కిందికి పోయింది.

స్విచ్ వేశాడు.

తెర మీద పేర్లు ఒక్కొక్కటే పోయాయి. ఆదోని… కైరుప్పల… పెళ్ళికొడుకు… వాన… మోక్షి దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. వేళ్ళు తిమ్మిరెక్కినా వదల్లేదు. వదిలితే ఏమవుతుందో…

పోయింది.

కంపెనీవాడు పుట్టించినప్పటి ముక్కూమొహం లేని అంకెలు వచ్చి కూర్చున్నాయి. గుంయిమనే శబ్దం ఆగింది. వాసన ఆగింది. దేవేంద్ర ప్లగ్గు పీకేసి, నేల మీద కూలబడి, స్నేహితుణ్ణి రెండోసారి తగలబెట్టి వచ్చినవాడిలా ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని ఫోన్ చేశాడు.

"పడుకుంది" అంది హేమలత. "ఏం ఏడుపూ లేదు. నువ్వే ఊరికే గాబరా పడితివి."

"గడియ?"

"పెట్టే ఉండాదయ్యా. చరణ్ దాని పక్కనే కూసోని రాసుకుంటాండాడు."

గుండె కాస్త కుదుటపడింది. పెట్టె మీద కుంకుమ చెదిరి ఉంది. రేపు పొద్దున మళ్ళీ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి… అప్పుడు తోచింది. రేపు పొద్దున ఏమని అడగాలి? నా పని నాకియ్యి అనడానికి, ఏ పని మిగిలింది? ఇచ్చిన దాన్ని అడిగి తీసుకోకముందే చెరిపేశాడు. పని ఇంకా శేఖర్ దగ్గరే ఉండిపోయింది.

"అదేంది, పిల్ల నిద్రలో లెక్క పెడతాంది" అంది హేమలత. "బడిలో కన్నడం చెప్తాండారు గదా, అదేమో."

ఫోన్ పిల్ల దగ్గరికి పోయినట్టుంది. మెత్తగా వినబడింది.

"ఒందు… ఎరడు… మూరు…"

పిల్ల ఆగింది.

టక్.

చెక్క మీద లోహం. పిల్ల నోటి నుంచి కాదు. ఫోన్ మీద నుంచీ కాదు. కొంచెం దూరం నుంచి.

"ఉండు, ఎవురో తలుపు కొడతాండారు" అంది హేమలత. "చరణూ, ఎవురో చూడు."

"తీయొద్దు! హేమా, తీయొద్దను!"

గడియ తీసిన చప్పుడు వినబడింది. తర్వాత ఏమీ లేదు.

"ఎవురూ లేరు నాన్నా" అన్నాడు చరణ్ ఫోన్ తీసుకుని. "గడప మీద నిమ్మకాయ పెట్టిపోయినారు. కుంకుమ బొట్టు ఉండాది."

దేవేంద్ర వంగి మంచం కిందికి చూశాడు.