మెరిసే ముక్కలు

"బొగ్గుల కల్తీ జేసినవని చర్లపల్లి జైల్ల ఏస్తరా బిడ్డా?" నాచారం ల్యాబ్ మెట్లెక్కుతూ అడిగింది లక్ష్మీనర్సమ్మ.

"జైలెందుకే అమ్మా? నౌకరి పోతదంతే," అన్నాడు మహిపాల్.

అంతేనట! మల్లాపూర్‌లోని అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ చూసేది వీడే. కొత్త లోడులోంచి శాంపిల్ తెచ్చి ఇక్కడిచ్చిందీ వీడే. గంధకం మరీ ఎక్కువుందని రిపోర్టొచ్చింది. నువ్వే ఏదో కలిపావని ఓనర్ పట్టుకున్నాడు.

లోపల తెల్లకోటులో, బొగ్గు పరీక్షలు చేసే స్నిగ్ధ. "మళ్లీ గొడవకేనా మహిపాల్ గారూ? నిన్న మీరరిచిన అరుపులు ఉప్పల్ దాకా వినపడ్డాయి."

"మేమేం కలపలే మేడమ్. మా అమ్మ మీద ఒట్టు."

"నా మీదెందుకురా!" ఉలిక్కిపడింది లక్ష్మీనర్సమ్మ.

స్నిగ్ధ నవ్వాపుకుని ఒక బొగ్గు ముక్క చూపించింది. నలుపులో పసుప్పచ్చని తళుకు.

"ఎవరూ కలపలేదు ఆంటీ. కోట్ల ఏళ్ల కిందట ఇది బురదనీళ్లలో నిలిచిన అడవి. ఏరు పొంగితే మన్ను చేరింది. బూడిదగా మిగిలేది అదే. సముద్రపు నీళ్లు చొరబడిన చోట గంధకం, ఇనుము కలిసి ఇలా మెరుస్తాయి. కానీ కుప్పంతా ఇలా ఉండదే! మీ శాంపిల్‌లో అన్నీ మెరిసేవే ఎలా వచ్చాయి?"

మహిపాల్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే ఏరిన."

"ఎందుకు?"

"ఎప్పుడు జూసినా మీకు మసిసంచే ఇస్తున్న. ఈసారన్న జర మంచిగ కనవడాలెనని..."

"పోరికి పూలిస్తరు గని బొగ్గులిస్తరారా!" తల్లి నెత్తి కొట్టుకుంది.

స్నిగ్ధ ముఖం పక్కకు తిప్పుకుంది. "పదండి. ఈసారి నేనే వచ్చి తీస్తాను."

ఫ్యాక్టరీ రేకుల షెడ్డు మీద వాన చిటపటలాడుతోంది. కుప్ప పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసిన బొగ్గును ఇద్దరూ కలిపి పరిచారు. నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండూ తీసేశారు.

"సగం పారేస్తున్నరు గద మేడమ్?"

"నిజం చెప్పడానికి మిగిలింది చాలు."

"గట్లయితే నన్ను గూడ అడగున్రి. నిజమే జెప్త."

"అడిగే పని లేదు. మీ మొదటి శాంపిల్‌లోనే తెలిసిపోయింది."

లక్ష్మీనర్సమ్మ విననట్టు వాన వైపు చూసింది.

మర్నాడు సాయంత్రం ఈమెయిల్‌లో రావలసిన రిపోర్టు స్నిగ్ధ స్కూటీ మీద వచ్చింది. గంధకం హద్దులోనే ఉంది. ఓనర్ మహిపాల్ భుజం తట్టాడు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకోబోయిన లక్ష్మీనర్సమ్మకు తడిసిన స్కూటీ కనబడింది.

"ఈ వానల ఉప్పల్ రింగురోడ్డు మీదికెల్లి పోతవా? లారీలెట్లొస్తయో ఏమో! మీ అమ్మ నంబరియ్యి బిడ్డా. నువ్వు ఇల్లు జేరినవా లేదా అని అడగాలె. ఇంకో మాట గూడ అడిగేదున్నది."

స్నిగ్ధ నంబరు చెప్పి హెల్మెట్ పెట్టుకుంది. "ఆ రెండో మాట అమ్మకు నిన్ననే చెప్పేశాను ఆంటీ. మీ ఫోన్ కోసమే చూస్తోంది."